మోకాటి ఏసీఎల్ ఆపరేషన్ అయి ఆరు నెలలు: సంక్రాంతి కబడ్డీకి దిగవచ్చా?

బ్రాడీపేట రైడర్ | నవంబరు 19, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు 21 ఏళ్లు, గుంటూరులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. తొమ్మిదో తరగతి నుంచి కబడ్డీ ఆడుతున్నాను, రైడర్‌ని. ఏప్రిల్ నెలాఖరులో ఒక మ్యాచ్‌లో కూతకు వెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు కుడి పాదం మ్యాట్‌కు అతుక్కున్నట్టు ఆగిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. ఎవరూ నన్ను తాకలేదు. మోకాటి లోపల టప్‌మని చప్పుడు నాకే వినిపించింది. రెండు గంటల్లో కొబ్బరిబోండంలా ఉబ్బింది. ఏసీఎల్ (మోకాటి లోపల ఎముకలను కలిపి ఉంచే లిగమెంట్, అంటే గట్టి పట్టీ) పూర్తిగా తెగిందని, మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) బాగానే ఉందని ఎంఆర్‌ఐలో తేలింది. మే 20న విజయవాడలో ఆపరేషన్ చేశారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు.

మా ఊరు తెనాలి దగ్గర. ప్రతి సంక్రాంతికీ కబడ్డీ పోటీలు జరుగుతాయి. ఈసారి ఊరి జట్టుకు రైడర్ లేడు. పెద్దలు రోజూ ఫోను చేస్తున్నారు. నాకు నొప్పి లేదు. మెట్లు ఎక్కుతున్నాను, బండి నడుపుతున్నాను, బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో రోజూ నాలుగు రౌండ్లు పరుగెత్తుతున్నాను. పండుగనాటికి ఎనిమిది నెలలకు వారం తక్కువ అవుతుంది. ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు ఫిజియోథెరపీకి వెళ్లాను, తర్వాత చార్జీలు భరించలేక మానేశాను. దిగవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మట్టికోర్టు | నవంబరు 19, రాత్రి 10:15

దిగు తమ్ముడూ. మా పెదనాన్న కొడుకు ఆరో నెలలోనే వాలీబాల్ ఆడాడు, ఇప్పటికీ ఆడుతున్నాడు. నొప్పి లేదంటే లోపల అతికినట్టే. మంచి నీక్యాప్ వేసుకో. రియోలో మన సింధును ఓడించిన కరోలినా మారిన్‌ను చూడు. 2019 జనవరిలో ఇండోనేషియా ఫైనల్లో సైనాతో ఆడుతూ ఏసీఎల్ తెంచుకుంది, అదే ఏడాది సెప్టెంబరులో చైనా ఓపెన్ గెలిచింది. ఎనిమిది నెలలే కదా! మన పిల్లలకు మాత్రం ఎందుకు ఇంత భయం పెడుతున్నారు?

లబ్బీపేట ఫిజియో | నవంబరు 19, రాత్రి 11:30

రైడర్ తమ్ముడూ, నేను విజయవాడలో పదిహేనేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. నిన్ను చూడకుండా తుది మాట చెప్పలేను, అది నీ సర్జన్, నీ ఫిజియో కలిసి చెప్పాలి. కానీ నువ్వు రాసినంతవరకు చూస్తే నా సమాధానం: సంక్రాంతికి వద్దు.

"నొప్పి లేదంటే అతికినట్టే" అన్న మాట దగ్గరే చాలామంది పిల్లలు దెబ్బతింటున్నారు. నీకు వేసిన టెండన్ తొడ వెనక నుంచి కోసి తెచ్చిన ముక్క. మోకాటిలో పెట్టిన రోజు దానికి రక్తప్రసరణ ఉండదు. మొదటి వారాల్లో అందులోని పాత కణాలు చనిపోతాయి, తర్వాత కొత్త రక్తనాళాలు మొలుస్తాయి, ఆ తర్వాతే అది మెల్లగా లిగమెంట్ స్వభావానికి మారుతుంది. ఈ పని ఏడాది దాటినా సాగుతూనే ఉంటుంది. నొప్పి మాత్రం మూడు నాలుగు నెలల్లోనే పోతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న నెలలే ప్రమాదకరమైనవి. మనిషికి బాగున్నట్టు ఉంటుంది, మోకాలు ఇంకా తయారై ఉండదు.

2016లో నార్వే వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. మలుపులు, గెంతులు ఉండే ఆటలు ఆడేవాళ్లను ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత రెండేళ్లు గమనించారు. తొమ్మిదో నెల వరకు ఆటకు దూరంగా ఉన్న ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. తొమ్మిది దాటాక ఇంకా ఆగినందువల్ల అదనపు లాభం కనిపించలేదు. ఆ అధ్యయనంలో నాకు ఇంకా ముఖ్యంగా తోచింది మరొకటి. కండరబలం, గెంతు పరీక్షలన్నీ నెగ్గి ఆటలోకి వెళ్లినవాళ్లలో మళ్లీ గాయపడింది 5.6 శాతం. నెగ్గకుండా వెళ్లినవాళ్లలో 38.2 శాతం. అందుకని నెలలు లెక్కపెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. తొమ్మిది నెలలు నిండాలి, పరీక్షలూ నెగ్గాలి. నువ్వు నాలుగు నెలలుగా ఫిజియోథెరపీయే చేయలేదు. నాకు అసలు దిగులు అదే.

కబడ్డీలో మలుపు ఉంది, అకస్మాత్తుగా ఆగడం ఉంది, పైగా నలుగురు వచ్చి నీ కాలు పట్టుకుని లాగడం ఉంది. మోకాటిని ఇంత కఠినంగా పరీక్షించే ఆటలు తక్కువ. స్టేడియంలో రౌండ్లు కొట్టడం తిన్నగా పరుగెత్తడమే. ఏసీఎల్ తెగి, ఆపరేషన్ చేయించుకోనివాళ్లు కూడా తిన్నగా పరుగెత్తగలరు.

నీక్యాప్ గురించి ఒక్క మాట. మందుల షాపులో దొరికే సాగే గుడ్డ తొడుగు వెచ్చగా ఉంటుంది, ధైర్యంగా అనిపిస్తుంది. మలుపులో లిగమెంట్ తెగకుండా అది ఆపలేదు.

రీబౌండ్ | నవంబరు 20, ఉదయం 6:50

రైడర్ అన్నయ్యా, రాత్రి మీ పోస్టు చదివి నిద్ర పట్టలేదు. నాకు 19 ఏళ్లు, విజయవాడ, బాస్కెట్‌బాల్. గత ఏడాది మీలాగే ఉన్నాను. నొప్పి లేదు, వాపు లేదు, అందరూ ఎప్పుడు వస్తావని అడిగేవాళ్లు. "ఆరు నెలలు దాటితే ఆడుకోవచ్చు" అని నాకు చెప్పారు. ఒక్క పరీక్ష కూడా పెట్టలేదు. పడుకోబెట్టి మోకాలు ముందుకు లాగి చూశారు, గట్టిగా ఉంది, వెళ్లమన్నారు.

ఏడో నెలలో కాలేజీ మ్యాచ్. మూడో క్వార్టర్‌లో రీబౌండ్‌కు ఎగిరాను, బంతి దొరికింది. ఎడమ కాలి మీద దిగాను, ఆ క్షణంలో మోకాలు లోపలికి వంగడం నా కళ్లతో నేను చూశాను. అదే చప్పుడు. కింద పడ్డాక నేను నొప్పికి ఏడవలేదు. నాకు ఆ చప్పుడు తెలుసు కాబట్టి ఏడ్చాను. ఈసారి మెనిస్కస్ కూడా చిరిగింది, కుట్లు వేశారు. ఆరు వారాలు చేతికర్రలు. ఇప్పుడు మళ్లీ అయిదో నెలలో ఉన్నాను. మా నాన్న రెండోసారి అప్పు చేశారు.

మీ ఊరి పోటీలు వచ్చే ఏడాది కూడా జరుగుతాయి అన్నయ్యా.

పటమట అమ్మ | నవంబరు 20, ఉదయం 9:05

రీబౌండ్ తల్లీ, నువ్వు రాసింది చదివి కడుపు తరుక్కుపోయింది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, షటిల్ ఆడుతుంది. నేను రోజూ ఇండోర్ స్టేడియం బయట బెంచీ మీద కూర్చుని చూస్తుంటాను.

మట్టికోర్టు గారూ, మారిన్ గురించి మీరు సగమే చెప్పారు. మిగతా సగం మా ఇంట్లో అందరికీ గుర్తుంది. 2021లో ఆమెకు రెండో మోకాలు, ఎడమది, తెగి టోక్యో ఒలింపిక్స్ పోయాయి. 2024లో పారిస్ సెమీఫైనల్లో గెలుపు అంచున ఉండగా కుడి మోకాలు మళ్లీ తెగింది. ఆమె కోర్టు మీద కూలబడి ఏడుస్తుంటే మా అమ్మాయి టీవీ కట్టేయమంది.

ఫిజియో గారూ, అసలు తెగకుండానే చూసుకోవడం ఎలా? ఆడపిల్లలకు ఎక్కువగా తెగుతుందని విన్నాను, నిజమేనా?

మట్టికోర్టు | నవంబరు 20, ఉదయం 9:30

అమ్మా, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. 2021, 2024 సంగతులు నేను ఆలోచించలేదు. రీబౌండ్ చెల్లెమ్మ రాసింది చదివాక రాత్రి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఫిజియో గారూ, ఎనిమిదో నెలలో ఆడినందుకే ఆమెకు మళ్లీ తెగిందని అనగలమా?

లబ్బీపేట ఫిజియో | నవంబరు 20, మధ్యాహ్నం 1:20

అనలేము. 2021లో తెగింది వేరే కాలు, 2024 నాటికి మొదటి ఆపరేషన్ అయి అయిదేళ్లు దాటింది. ఒక మనిషి కథ నుంచి కారణం తేల్చకూడదు, అది ఆరో నెలలో ఆడిన మీ అన్నయ్యకూ వర్తిస్తుంది. చాలామందిని కలిపి చూసిన లెక్కలే నమ్మాలి. 2016లోనే అనేక అధ్యయనాలను కలిపి చూస్తే, ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లలో 15 శాతం మందికి ఏదో ఒక మోకాటిలో మళ్లీ ఏసీఎల్ తెగింది. పాతికేళ్ల లోపు ఉండి ఆటలోకి తిరిగి వెళ్లినవాళ్లలో అది 23 శాతం. దాదాపు నలుగురిలో ఒకరు. తమ్ముడూ, నువ్వు ఆ వయసులోనే ఉన్నావు.

పెద్ద ఆటగాళ్ల ఉదాహరణే కావాలంటే రిషభ్ పంత్‌ను చూడండి. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం, మోకాటి లిగమెంట్లకు ఆపరేషన్, మళ్లీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చిలో. మన విశాఖలో చెన్నై మీద 51 కొట్టినప్పుడు ప్రమాదం జరిగి పదిహేను నెలలు. నెయ్‌మార్‌కు 2023 అక్టోబరు 17న ఏసీఎల్ తెగితే మైదానంలోకి వచ్చింది 2024 అక్టోబరు 21న. వీళ్లకు పక్కనే వైద్యబృందం, కోట్ల విలువైన ఒప్పందాలు. తొందర పడడానికి మనకంటే వాళ్లకే ఎక్కువ కారణాలు ఉన్నాయి.

అమ్మా, ఆడపిల్లల విషయం నిజమే. ఒకే ఆట ఆడే మగపిల్లలతో పోలిస్తే వారికి రెండు మూడు రెట్లు ఎక్కువ. శరీర నిర్మాణం, హార్మోన్లు అని చాలా చెబుతారు. వాటిని మనం మార్చలేము. మార్చగలిగింది ఎగిరి దిగే పద్ధతి. మీరు బెంచీ మీద కూర్చున్నప్పుడు షటిల్ ఎటు పోయిందో వదిలేసి పాప మోకాళ్లు మాత్రమే చూడండి. స్మాష్ కొట్టి దిగేటప్పుడు మోకాలు పాదం వేళ్ల వైపే వంగుతోందా, లేక రెండో మోకాటి వైపు లోపలికి పడుతోందా? చప్పుడు కాకుండా మెత్తగా దిగుతోందా, ధన్‌మని దిగుతోందా? లోపలికి పడుతుంటే తుంటి కండరాలకు, తొడలకు బలం కావాలి. ఫుట్‌బాల్ వాళ్లు ఫిఫా 11 ప్లస్ అనే సన్నాహక వ్యాయామాలు తయారు చేశారు. ఇరవై నిమిషాలు పడుతుంది, గాయాలు తగ్గుతాయని పరీక్షల్లో రుజువైంది. అందులోని గెంతులు, ఒంటికాలి నిలకడ, తొడ వెనక కండరాల వ్యాయామాలు షటిల్‌కూ పనికొస్తాయి. వారానికి రెండు మూడు సార్లు, మానకుండా చేయాలి.

వ్యాయామ మాస్టారు | నవంబరు 20, సాయంత్రం 7:10

నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఇరవై రెండేళ్లుగా పిల్లలచేత కబడ్డీ, ఖోఖో ఆడిస్తున్నాను. నా చేతుల మీదుగా ఎదిగిన ఇద్దరు మంచి ఆటగాళ్లు మోకాళ్లు పోగొట్టుకుని ఆట మానేశారు. ఒకడికి తెగిందని కూడా మాకు తెలియలేదు. బెణికిందనుకున్నాం, పసుపు, సున్నం పట్టు వేశాం, కట్టు కట్టించాం. ఎముక విరిగితే కట్టు కడతారు, ఈ లిగమెంట్ తెగితే మామూలు కట్టుతో అతకదని మాకు చెప్పినవారు లేరు. నెల తర్వాత వాడు మళ్లీ ఆడాడు, మోకాలు జారింది, మళ్లీ ఆడాడు. అలా రెండేళ్లు. చివరికి మెనిస్కస్ అంతా నలిగిపోయింది. ఆ అబ్బాయికి ఇప్పుడు ముప్పై రెండేళ్లు. పొలంలో గొంతు కూర్చోలేడు. ఆ పాపంలో నాకూ భాగం ఉంది.

అందుకే చెబుతున్నాను. ఆటలో తిరిగినప్పుడు చప్పుడు వినిపించి, గంటల్లోనే మోకాలు ఉబ్బితే అది మామూలు బెణుకు కాదు. లోపల రక్తం చేరినట్టు. అదే రోజు ఆట ఆపించి డాక్టరుకు చూపించాలి.

నాయనా రైడర్, ఊరివాళ్ల మాట కష్టంగా ఉందని తెలుస్తోంది. మ్యాచ్ ముందు నొప్పి ఇంజెక్షన్ చేయిస్తాం, దిగమని కూడా అంటారు, నేను చాలాసార్లు విన్నాను. అలా ఎన్నడూ ఒప్పుకోవద్దు. ఒంటికి ఉన్న ఒక్క హెచ్చరికనూ నువ్వే నోరు నొక్కినట్టు అవుతుంది. ఆడను అనే బదులు జట్టును తయారు చేస్తానని చెప్పు. మీ ఊళ్లో పదిహేడు పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు ఉంటారు. ఎడమ కార్నర్ ఎలా కదులుతాడో, ఎప్పుడు పట్టుకు వస్తాడో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

షటిల్ 41 | నవంబరు 20, రాత్రి 8:45

నాది వేరే దారి. మొగల్రాజపురం, వయసు 41. మూడేళ్ల క్రితం షటిల్ ఆడుతూ ఏసీఎల్ తెంచుకున్నాను, ఆపరేషన్ చేయించుకోలేదు. స్వీడన్‌లో 121 మంది మీద జరిగిన పరీక్ష గురించి నా డాక్టరే చెప్పారు. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతావారికి ముందు వ్యాయామం, అవసరమైతేనే ఆపరేషన్. రెండేళ్ల తర్వాత రెండు జట్ల మోకాళ్లూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయట. అయిదేళ్లకు రెండో జట్టులో సగం మంది ఆపరేషన్ దాకా వెళ్లారు, సగం మందికి అవసరమే రాలేదు. నేను ఏడాదిపాటు వ్యాయామం చేశాను. ఇప్పుడు వారానికి మూడు రోజులు డబుల్స్ ఆడుతున్నాను, సింగిల్స్ వదిలేశాను. ఉదయం నడక.

లబ్బీపేట ఫిజియో | నవంబరు 20, రాత్రి 9:15

41 గారూ, మీలాంటివారికి అది మంచి దారి. మోకాలు జారని మనిషికి, మలుపులు తగ్గించుకోగల మనిషికి. ఇరవైల్లో ఉండి కబడ్డీ ఆడాలనుకునేవాళ్లకు మాత్రం సాధారణంగా ఆపరేషనే సూచిస్తారు. ఎందుకంటే జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది.

బ్రాడీపేట రైడర్ | నవంబరు 21, రాత్రి 10:00

అందరికీ ధన్యవాదాలు. రీబౌండ్ చెల్లీ, నీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఫిజియో గారూ, పరీక్షలంటే ఏమిటి? మీ దగ్గరికి రావడం కుదురుతుందో లేదో తెలియదు. ఇక్కడే చేసుకోవచ్చా?

లబ్బీపేట ఫిజియో | నవంబరు 22, ఉదయం 7:30

పెద్ద కేంద్రాల్లో కండరబలం కొలిచే యంత్రం ఉంటుంది, అది దొరికితే మేలు. లేకపోతే జిమ్‌లో కూర్చుని కాలు చాపే యంత్రం చాలు. కానీ ఒంటరిగా చేయవద్దు, గుంటూరులోనే ఎవరైనా ఫిజియో పక్కన ఉండాలి.

ముందు వాపు. పడుకుని కాలు చాపు. మోకాటి చిప్పకు లోపలి పక్కన ఉన్న పల్లాన్ని అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు తుడువు. తర్వాత బయటి పక్కన పై నుంచి కిందికి తుడువు. లోపలి పల్లంలోకి నీరు అలలా తిరిగి వస్తే మోకాటిలో ఇంకా వాపు ఉన్నట్టే. వాపు ఉన్న మోకాటికి గెంతు పరీక్ష పెట్టకూడదు. కాలు పూర్తిగా చాచినప్పుడు రెండో కాలితో సమానంగా తిన్నగా రావాలి, అది కూడా చూసుకో.

తర్వాత తొడ ముందు కండరం. ఒక్కో కాలితో విడివిడిగా గరిష్ఠంగా ఎంత బరువు ఎత్తగలవో చూడాలి. ఆపరేషన్ అయిన కాలు రెండోదానిలో కనీసం 90 శాతం ఎత్తాలి. నీకు టెండన్ తీసింది తొడ వెనక నుంచి కాబట్టి వెనక కండరం కూడా అలాగే కొలవాలి. ఒక చిక్కు ఉంది. ఆరు నెలలు ఆట లేక బాగున్న కాలు కూడా బలహీనపడుతుంది. బలహీనమైన కాలితో పోల్చుకుని 90 వచ్చిందని మోసపోకూడదు, రెండింటినీ పెంచాలి.

ఆ తర్వాత ఒంటికాలి గెంతు. నేల మీద సుద్దతో గీత గీయి, బొటనవేలు గీత మీద పెట్టు, ఒక్క కాలితో గెంతి అదే కాలి మీద దిగి రెండు క్షణాలు కదలకుండా నిలబడు. తూలితే లెక్కలోకి రాదు. టేపుతో కొలువు. ఒక్క గెంతు, వరుసగా మూడు గెంతులు, గీతకు అటూ ఇటూ మూడు గెంతులు, ఆరు మీటర్ల దూరం ఒంటికాలితో ఎంత సమయంలో దాటావు. చిన్నప్పటి తొక్కుడుబిళ్ల లాంటిదే. కానీ దూరం ఒక్కటే చూడవద్దు. మోకాటి పని తుంటి, చీలమండ చేసిపెట్టి దూరం తెప్పించగలవు. అందుకే బలం పరీక్ష వదలకూడదు, ఎవరైనా ఎదురుగా ఫోనులో వీడియో తీయాలి.

చివరిది మనసు. దానికీ 12 ప్రశ్నల పత్రం ఉంది, నీ ఫిజియోను అడుగు. కూతకు వెళ్లినప్పుడు మోకాలు గుర్తొస్తుంటే ఒళ్లు అరక్షణం ఆలస్యంగా తిరుగుతుంది.

బ్రాడీపేట రైడర్ | నవంబరు 29, రాత్రి 9:20

గుంటూరులోనే ఒక ఫిజియో గారి దగ్గర చేయించుకున్నాను. వాపు లేదు. కాలు చాపే యంత్రం మీద ఎడమ కాలు 40 కిలోలు, కుడి కాలు 29. ఒంటికాలి గెంతు ఎడమ 152 సెంటీమీటర్లు, కుడి 128, అది కూడా రెండుసార్లు తూలి మూడోసారి నిలబడ్డాను. వీడియోలో నా మోకాలు లోపలికి పడుతోంది. రీబౌండ్ చెల్లి చెప్పినట్టే. ఆ వీడియో మా ఊరి పెద్దాయనకు పంపాను. చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "కుర్రాళ్లను నువ్వు తయారు చెయ్" అన్నారు.

లబ్బీపేట ఫిజియో | నవంబరు 29, రాత్రి 10:05

బలం 72 శాతం పైచిలుకు, గెంతు 84. ఈ కాలితోనే నువ్వు పండక్కి దిగేవాడివి.

రోజూ నాలుగు రౌండ్లు కొట్టడం కంటే వారానికి మూడు రోజులు బరువులు ముఖ్యం. ఒంటికాలి లెగ్‌ప్రెస్, కాలు చాపే యంత్రం, బరువుతో గుంజీలు, మెట్టు దిగడం. జిమ్‌కు వెళ్లలేని రోజు గోడకుర్చీ వేయి, ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒంటికాలితో. మరుసటి ఉదయం వాపు పరీక్ష చేసుకో. నీరు కనిపిస్తే బరువు తగ్గించు, ఒక రోజు ఆగు. గుడ్లు, పప్పు, చేపలు బాగా తిను, ఖాళీ కడుపుతో కండరం పెరగదు. ఎప్పుడైనా పిక్క బాగా ఉబ్బి నొప్పి పెట్టినా, మోకాలు వేడెక్కి జ్వరం వచ్చినా, మోకాలు పట్టేసి చాపలేకపోయినా వ్యాయామం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు.

వ్యాయామ మాస్టారు | జనవరి 17, ఉదయం 8:00

నాయనా, పండుగ ఎలా జరిగింది?

బ్రాడీపేట రైడర్ | జనవరి 17, రాత్రి 9:50

సెమీస్‌లో ఓడిపోయాం మాస్టారూ, రెండు పాయింట్ల తేడాతో. గీత బయట నిలబడి చూడడం చాలా కష్టమైంది. చివరి అయిదు నిమిషాలు చేతులు వణికాయి. కానీ నేను నేర్పిన కుర్రాడు ఒక్క కూతలో ముగ్గుర్ని అవుట్ చేసి వచ్చాడు, నా దగ్గరికే పరుగెత్తుకొచ్చాడు. నా లెక్క ఇప్పుడు ఎడమ 41, కుడి 35.

పటమట అమ్మ | జనవరి 18, ఉదయం 10:10

85 శాతం దాటింది నాన్నా. మా అమ్మాయి కూడా ఆ ఇరవై నిమిషాల వ్యాయామం చేస్తోంది. కోచ్ గారు ఇప్పుడు మొత్తం బ్యాచ్ చేత చేయిస్తున్నారు.

బ్రాడీపేట రైడర్ | మార్చి 8, రాత్రి 9:30

తొమ్మిదిన్నర నెలలు. ఎడమ 42, కుడి 39. వెనక కండరం 91 శాతం. గెంతులు నాలుగూ 93 పైనే, వీడియోలో మోకాలు తిన్నగా ఉంది. సర్జన్ గారు చూసి సరేనన్నారు. రేపటి నుంచి మొదలుపెట్టమన్నారు.

లబ్బీపేట ఫిజియో | మార్చి 8, రాత్రి 10:20

చాలా సంతోషం తమ్ముడూ. దీన్ని మ్యాచ్ అనుమతిగా తీసుకోవద్దు, ప్రాక్టీసు అనుమతి మాత్రమే. ముందు రెండు వారాలు ఎవరూ తాకకుండా కూత అడుగులు, మలుపులు. తర్వాత ఒక్క డిఫెండర్, అదీ సగం బలంతో. తర్వాత ఇద్దరు. మొత్తం ఏడుగురు ఎదురుగా ఉన్న ప్రాక్టీసులు వాపు లేకుండా నడిచాకే మ్యాచ్, అదీ మొదట కొద్ది నిమిషాలు. వారానికి రెండు రోజుల బరువులు మానవద్దు, ఆడినన్నాళ్లూ అవి ఉండాలి. ఎండలు మొదలయ్యాయి, తెల్లవారకముందే మొదలుపెట్టి ఎనిమిదింటిలోపు ముగించు. అలసిన కాలు తప్పుగా దిగుతుంది.

రీబౌండ్ | మార్చి 9, ఉదయం 5:40

అన్నయ్యా, ఈరోజు మీ మొదటి రోజు కదా. నాది తొమ్మిదో నెల. నిన్న కొలిస్తే 86 వచ్చింది. కోచ్ గారు సెలవుల్లో టోర్నమెంట్‌కు పేరు ఇవ్వమన్నారు, 90 దాటాక చెబుతానన్నాను. సాయంత్రం మీ మోకాటి వాపు చూసుకుని ఇక్కడ రాయండి.

బ్రాడీపేట రైడర్ | మార్చి 9, రాత్రి 8:55

వాపు లేదు చెల్లీ. ఇరవై మలుపులు, పది కుడికి, పది ఎడమకు. మొదటి మూడింటిలో ఏప్రిల్ నాటి చప్పుడు గుర్తొచ్చింది, పాదం ఆగింది. నాలుగోదాని నుంచి ఆగలేదు. ఎల్లుండి మళ్లీ ఇరవై.